ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో రావాల్సినవి రాబట్టుకోవడం ఎలా? ఒక లంక ఊరి తల్లి అనుభవం

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే చాలు, మా ఇంట్లో ముందుగా అటక మీదికి చేరేది ఒక ఎర్ర ఫైలు. బియ్యం, గ్యాస్ బండ, మా అత్తగారి ట్రంకుపెట్టె అన్నీ దాని తర్వాతే. మా చిన్నోడి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చేది), ఆసుపత్రి చీటీలు, బడికి పెట్టిన అర్జీల నకళ్లు, నేను రాసుకున్న నోటుపుస్తకాలు అందులోనే ఉంటాయి. వాడికిప్పుడు పదమూడేళ్లు. మేధో వైకల్యం ఉంది, ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. గట్టు దాటితే వచ్చే పక్క ఊరి హైస్కూల్లో చదువుతున్నాడు.

వాడి గురించి నేను తిరిగిన తిరుగుడు చూసి చుట్టుపక్కల ఊళ్ల నుంచి తల్లులు ఫోన్లు చేస్తుంటారు. మొదటి ప్రశ్న దాదాపు అందరిదీ ఒకటే: "పింఛను వస్తుందా అండీ?" వస్తుంది, ఆ సంగతీ చెబుతాను. కానీ సర్టిఫికెట్టూ పింఛనూ సగం పని మాత్రమే. బడిలో వాడు రోజూ ఏం నేర్చుకుంటున్నాడో టీచరుతో కూర్చుని తేల్చుకోవడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని నేను నాలుగేళ్లు గాలికొదిలేశాను. మీరు వదిలేయకూడదని ఇదంతా రాస్తున్నాను.

1. అనుమానం వచ్చిన రోజే తేదీ వేసి రాయండి

ఏడాదిన్నర దాటినా అమ్మా, అత్తా అనడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం లేదు. తోటి పిల్లలు పరుగెడుతుంటే మీ పాప ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. ఇలాంటిదేదైనా కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒకటి రెడీగా ఉంటుంది: "మీ మావయ్య కూడా అయిదేళ్లకే మాట్లాడాడమ్మా." మా ఇంట్లోనూ అన్నారు. ఆ మావయ్య గారి పుణ్యమా అని మాకు ఏడాదిన్నర పోయింది.

పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ఒక నోటుపుస్తకం కొనండి. తేదీ వేసి చూసింది చూసినట్టు రాయండి. "సరిగా మాట్లాడడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "ఆకలేస్తే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళతాడు, గిన్నె వైపు చూపిస్తాడు, నోటితో శబ్దం చేయడు" అని రాస్తే డాక్టరుకు సగం కథ అర్థమవుతుంది. ఫోన్‌లో అర నిమిషం వీడియోలు కూడా తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో కొత్త మనుషుల్ని చూసి పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేది అక్కడ చేయరు.

ఆ పుస్తకం పట్టుకుని ముందు ఆశా కార్యకర్త దగ్గరికో అంగన్‌వాడీ టీచరు దగ్గరికో వెళ్లండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలు ఆ పథకం కిందికి వస్తారు. లోపం ఉందనిపిస్తే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి రాసిస్తారు. దాన్ని డీఈఐసీ అంటారు. ఆ బృందం మీ ఊరు ఎప్పుడొస్తుందో ఏఎన్ఎమ్‌ని అడిగి తెలుసుకోండి. వచ్చిన రోజున పిల్లాడు అమ్మమ్మ గారింట్లో ఉంటే మళ్లీ ఆరు నెలలు చూడాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మాట రాని పిల్లలకు మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. చెవులు వినబడక మాట రాని పిల్లని మందమతి అని మూలన కూర్చోబెట్టిన ఇల్లు మా బంధువుల్లోనే ఉంది. ఆ అమ్మాయికి ఏడేళ్లు వచ్చాక గానీ ఎవరికీ తట్టలేదు. వినికిడి యంత్రమైనా, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషనైనా, ఎంత చిన్న వయసులో జరిగితే అంత మాట వస్తుంది.

చదువులోనే కనబడే లోపం ఇంకొకటి ఉంది. పిల్లాడు అన్నింట్లో చురుకే. లెక్క నోటితో చెప్పేస్తాడు, చేపల ధర గుర్తుంటుంది, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వీళ్లని బద్ధకస్తులంటాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ అభ్యసన వైకల్యం కూడా ఉంది, ఆటిజమూ ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఉన్నవి ఏడే. మూడో తరగతికి వచ్చినా చదవడం పట్టుబడకపోతే, ప్రశస్త్ యాప్‌లో పిల్లాడి వివరాలు నింపి చూడమని క్లాసు టీచరును అడగండి. బడి స్థాయిలో వైకల్యాలను ముందుగా గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన యాప్ అది. దానితో సర్టిఫికెట్ రాదు. ఎవరి దగ్గరికి పంపాలో మాత్రం తెలుస్తుంది.

2. సదరం: ఒక రోజు పని, ఒక నెల సన్నాహం

గ్రామ సచివాలయానికి వెళ్లి సదరం స్లాట్ బుక్ చేయించుకోవాలి. స్లాటులో ఏ ఆసుపత్రి, ఏ తేదీ పడితే అక్కడికి అప్పుడే వెళ్లాలి. స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో సచివాలయం వాళ్లకే ముందు తెలుస్తుంది కాబట్టి ఫోన్ నంబరు ఇచ్చి రండి, వారానికోసారి గుర్తుచేయండి. మొహమాటపడితే పని కాదు.

బుక్ చేయించే ముందు ఆధార్ చూసుకోండి. మా వాడి ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. నేను గమనించలేదు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి, రెండు బస్సులు మారి, స్లాటు పడిన ఆసుపత్రికి వెళ్తే, పాత చీటీల్లో పేరుకీ ఆధార్‌లో పేరుకీ పొంతన లేదని తిప్పి పంపేశారు. వాడు ఆ వరండాలో నేల మీద పడి ఒకటే ఏడుపు. మళ్లీ స్లాటు దొరకడానికి మూడు నెలలు పట్టింది. మీ పిల్లల పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయా అని మీ కళ్లతో మీరు చూసుకోండి. అయిదేళ్లు నిండిన పిల్లలకు వేలిముద్రల అప్‌డేట్ కూడా చేయించి ఉంచండి.

వెళ్లే రోజు వాడికి ఇష్టమైన తిండి, నీళ్లు, ఒక జత బట్టలు, చేతిలో ఆడుకునేది ఏదో ఒకటి పెట్టుకోండి. క్యూ పెద్దగా ఉంటుంది. ఇద్దరు వెళ్లండి: ఒకరు వరుసలో, ఒకరు పిల్లాడితో. డాక్టరు అడిగితే మీ నోటుపుస్తకం తీయండి. పిల్లాడు చేయగలిగినవి ఎక్కువ చేసి చెప్పొద్దు, చేయలేనివీ ఎక్కువ చేసి చెప్పొద్దు. "అన్నీ వచ్చండీ మా వాడికి" అని గొప్పకు చెప్పి ఆనక శాతం తగ్గిందని ఏడ్చినవాళ్లను చూశాను.

చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెటే ఇస్తారు, కొన్నేళ్లకు మళ్లీ పరీక్షకు వెళ్లాలి. గడువు తేదీని క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకోండి. 40 శాతం, ఆ పైన ఉంటేనే పింఛను, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను వర్తిస్తాయి. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, కూడా తీసుకోండి. 40 లోపు తెల్ల గీత, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆ పైన నీలం అని కార్డు రంగులోనే తేడా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. 2025లో ఈ పింఛన్లకు మళ్లీ వైద్య పరీక్షలు పెట్టారు. అప్పుడు పాత చీటీలన్నీ వరసగా చూపించగలిగినవాళ్లు తేలిగ్గా బయటపడ్డారు.

శాతం తక్కువ వచ్చిందనో, సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదనో బడి ఆపకండి. పింఛను దారి వేరు, బడి దారి వేరు.

3. ఏ బడి?

చట్టం ఏం చెబుతుందో రెండు ముక్కల్లో. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య ఇవ్వాలని విద్యాహక్కు చట్టం అంటుంది. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉంటే 2016 చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు పద్దెనిమిదేళ్ల వరకు సాగుతుంది. దగ్గర్లోని బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా ఎక్కడ చదివించాలన్నది మన ఇష్టం. వైకల్యం ఉందన్న కారణంతో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ పిల్లని కాదనకూడదని 16వ సెక్షన్.

చట్టం అలా ఉంటుంది. ఒక కాన్వెంటులో నాకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మరీ కాదన్నారు. "మాకేం అభ్యంతరం లేదండీ, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు, మీరే అర్థం చేసుకోవాలి" అన్నారు. నేను అర్థం చేసుకుని వచ్చేశాను. ఇప్పుడైతే అలా రాను. "సరేనండి, ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వండి" అంటాను. రాసివ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ ఒక్క మాటతోనే చాలా చోట్ల స్వరం మారుతుంది.

నా అభిప్రాయం అడిగితే, నడవగలిగి, నలుగురిలో కూర్చోగలిగే పిల్లలకు ఊరి బడే మంచిది. రేపు పెద్దయ్యాక వాడు బతకాల్సింది ఆ ఊళ్లోనే, ఆ మనుషుల మధ్యే. పూర్తిగా వినబడని పిల్లలు వేరు. సైగల భాష వచ్చిన టీచర్లు, అదే భాష మాట్లాడుకునే తోటి పిల్లలు ఉన్న ప్రత్యేక పాఠశాల వాళ్లకు ఎక్కువ ఇస్తుందని నేను చూసిన ఇద్దరు ముగ్గుర్ని బట్టి అనుకుంటున్నాను. ఇల్లు కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. అయితే కదలగలిగిన పిల్లని కూడా సులువుగా ఉంటుందని ఆ జాబితాలో వేస్తామంటే ఒప్పుకోకండి.

చేర్చే ముందు బడి చూసి రండి. మా పాత బడిలో ర్యాంపు ఉండేది. నున్నగా, పెయింటు వేసి, పక్కన చక్రాల కుర్చీ బొమ్మతో. అది ఎక్కి పైకి వెళ్తే గది గుమ్మం దగ్గర అడుగెత్తు మెట్టు. ర్యాంపు కట్టిన మేస్త్రీకి చక్రాల కుర్చీ గుమ్మం దాటాలన్న సంగతి ఎవరూ చెప్పలేదేమో. మరుగుదొడ్డి తలుపు వెడల్పు, లోపల పట్టుకోవడానికి కడ్డీ ఉందా లేదా, గేటు ముందు పంటకాలవ మీద ఉన్నది సిమెంటు తూమా లేక కొబ్బరి మొద్దా అన్నీ చూడండి. వానాకాలంలో ఆ మొద్దు మీద మామూలు పిల్లలే జారతారు.

చేర్చాక ఒక పని మర్చిపోకుండా చేయండి. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో మీ పిల్లాడి పేరు పక్కన ప్రత్యేక అవసరాలు గల విద్యార్థి అని, ఏ వైకల్యమో అని నమోదు చేశారా లేదా అని హెడ్మాస్టారిని అడిగి, స్క్రీన్ మీద చూపించమనండి. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రభుత్వం లెక్కలో మీ పిల్లాడికి ఏ లోపమూ లేనట్టే. అలవెన్సులు, ఉపకరణాలు అన్నీ ఆ గడిని బట్టే వస్తాయి.

4. భవిత కేంద్రం, అక్కడి మేడమ్

ప్రభుత్వ బడుల కోసం నడిచే సమగ్ర శిక్ష పథకంలో సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మిగతావాళ్లతో కలిపి చదివించడం) అని ఒక విభాగం ఉంది. దాని కింద మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టారు. అక్కడ ఉండే ప్రత్యేక ఉపాధ్యాయుల్ని ఐఈఆర్టీలు అంటారు. మీ మండలం కేంద్రం ఎక్కడుందో హెడ్మాస్టారికో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకో తెలుస్తుంది. నడక సరిగా లేని పిల్లలకు ఫిజియోథెరపీ చేసేవాళ్లు ఏయే రోజుల్లో వస్తారో అక్కడే కనుక్కోండి.

ఈ ఐఈఆర్టీతో స్నేహం చేసుకోండి. మా భవిత మేడమ్ దగ్గర మొదటి రోజు నాకు చిరాకే వేసింది. గంటసేపు వాడితో బట్టల క్లిప్పులు తాడుకి పెట్టించి, తీయించి, మళ్లీ పెట్టించింది. ఇందుకా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. వేళ్లలో పట్టు వస్తేగానీ పెన్సిల్ నిలవదని తర్వాత చెప్పింది. మూడు నెలలకు వాడు చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు, ఒకటి కిందా మీదా అయినా సరే. అక్కడ చేయించింది ఏదైనా సరే, ఇంట్లో ఎలా చేయించాలో చూపించమని అడగండి. వారానికి రెండు మూడు పూటలు అక్కడ చేసే పని ఇంట్లో కొనసాగకపోతే నిలవదు.

సహిత విద్య కింద రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం, చూపు లేని పిల్లలకు చదివి వినిపించేవాళ్ల కోసం రీడర్ భత్యం ఉన్నాయి. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున ఏడాదిలో పది నెలలు స్టైపెండ్ ఇస్తారు. పెద్ద మొత్తాలేమీ కావు, కానీ అవి మన పిల్లలవి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో జోడై ఉండాలి.

చక్రాల కుర్చీ, కాలిపర్లు (కాలికి ఊతంగా తొడిగేవి), వినికిడి యంత్రాలు, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన సామగ్రి కిట్లు, ఇవన్నీ శిబిరాల్లో కొలతలు తీసుకుని ఇస్తారు. కాన్పూరులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో వీటిని తయారుచేస్తుంది. శిబిరం కబురు ఒక్కోసారి రెండు రోజుల ముందే వస్తుంది, అందుకే ఐఈఆర్టీ ఫోన్లో మీ నంబరు ఉండాలి. ఒక జాగ్రత్త: ఎదిగే పిల్లలకు కాలిపరు ఏడాదిలోనే బిగుతవుతుంది. మడమ దగ్గర ఎర్రగా కందితే వెంటనే చెప్పండి. "ప్రభుత్వం ఇచ్చింది కదా" అని అదే తొడిగితే పుండు పడుతుంది.

5. టీచరుతో కూర్చోండి

నేను నాలుగేళ్లు వదిలేశానన్నది ఇదే. బడికి పంపుతున్నాను, వాడు వెళ్తున్నాడు, మధ్యాహ్న భోజనం తింటున్నాడు, వస్తున్నాడు. ఏడాది చివర పై తరగతికి వెళ్తున్నాడు. ఏం నేర్చుకున్నాడంటే నా దగ్గర జవాబు లేదు. టీచరు దగ్గరా లేదు.

ఇలాంటి ప్రతి బిడ్డకీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని ఒకటి ఉండాలి, ఐఈపీ అంటారు. ఐఈఆర్టీ, క్లాసు టీచరు, మనం కూర్చుని తయారుచేసుకునేది. ఇది చాలా చోట్ల ఫైల్లో పడి ఉంటుంది. చూపించమని అడగండి. అందులో "భాషా నైపుణ్యాలు మెరుగుపరచాలి" లాంటి వాక్యాలుంటే, మర్యాదగానే, "అంటే ఏం చేయగలగాలండీ? ఎప్పటికి?" అని అడగండి.

మా వాడి సంగతే తీసుకోండి. ఒకటి నుంచి యాభై వరకు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అంకెలు వచ్చేశాయని మేమూ, బడీ అనుకున్నాం. ఒకసారి కొబ్బరి దింపు రోజున మా ఆయన "ఒరే, పది కాయలు ఇటు తేరా" అన్నాడు. వాడు ఒకసారి ఏడు తెచ్చాడు, ఇంకోసారి పదమూడు. అప్పుడర్థమైంది: అంకెలు పాటలా వచ్చు, లెక్కపెట్టడం రాదు.

ఈ సంగతి భవిత మేడమ్‌కి చెప్పాను. ముగ్గురం కూర్చుని లక్ష్యం ఇలా రాసుకున్నాం: "దీపావళి లోపు, పది వస్తువులు అడిగితే పదే లెక్కపెట్టి ఇవ్వాలి. అయిదుసార్లు అడిగితే నాలుగుసార్లు సరిగ్గా ఇవ్వాలి." బడిలో చాక్‌ముక్కలు, ఇంట్లో కాయలు. వారం రోజులు చూశాక మేడమ్ పట్టుకుంది: వాడు లెక్కపెట్టిన కాయని అక్కడే ఉంచి మళ్లీ దాన్నే లెక్కపెడుతున్నాడు. నేల మీద సుద్దతో ఒక గీత గీయమంది. లెక్కపెట్టిన కాయ గీత దాటాలి. అంతే. ఆ గీత మా అరుగు మీద నెలల తరబడి ఉంది. అత్తగారు ముగ్గు వేసేటప్పుడు దాన్ని వదిలేసి చుట్టూ వేసేది.

దీపావళికి వాడు ఆరు దగ్గర ఆగాడు. గడువు సంక్రాంతికి మార్చుకున్నాం. లక్ష్యం తప్పడం తప్పు కాదు. ఎక్కడ ఆగిపోయాడో తెలిసింది కదా.

ఒక్కసారికి ఇలాంటివి మూడుకి మించి పెట్టుకోవద్దు. ఒకటి చదువుది, ఒకటి ఒంటి పనిది, ఒకటి మనుషులతో మెలిగేది. మూడు నెలలకోసారి కూర్చుంటామని తేదీ ముందే ఖాయం చేసుకోండి. లేకపోతే ఆ రోజు ఎప్పటికీ రాదు. టీచర్లకు పని ఒత్తిడి నిజంగానే ఎక్కువ. అందుకే నేను ఇరవై నిమిషాలే అడుగుతాను, ఇరవై నిమిషాల్లో లేచిపోతాను.

ఇంకొకటి. ఏటా జూన్‌లో కొత్త టీచరు వస్తే ఒక్క పేజీ కాగితం ఇస్తాను. ఎలా రాయాలో తెలియడం కోసం మాది ఇక్కడ పెడుతున్నాను:

"మా వాడికి ఒకేసారి రెండు పనులు చెబితే రెండూ చేయడు. ఒకటి అయ్యాక రెండోది చెప్పండి. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే అడగలేడు, చొక్కా అంచు నలుపుతాడు. గంట మోగితే చెవులు మూసుకుంటాడు, ముందే చెబితే సర్దుకుంటాడు. కోప్పడితే నవ్వుతాడు. అది పొగరు కాదు, భయం. బోర్డు మీంచి ఎక్కించుకోలేడు, పక్కవాడి పుస్తకం చూసి రాయగలడు. మొదటి వరసలో గోడ పక్కన కూర్చోబెడితే స్థిమితంగా ఉంటాడు. బెల్లం ముక్క ఆశ పెట్టొద్దు, భుజం తడితే చాలు."

కోప్పడితే నవ్వుతాడన్న ఒక్క వాక్యం వల్ల వాడికి ఎన్ని దెబ్బలు తప్పాయో నాకు తెలుసు.

6. తొమ్మిదిలోనే పది గురించి ఆలోచించండి

పదో తరగతి పరీక్షల్లో మన పిల్లలకు సడలింపులున్నాయి. రాయలేనివాళ్లకు స్క్రైబు (చెబుతుంటే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, కొన్ని వైకల్యాలకు భాషా పేపర్లలో మినహాయింపు, పాస్ మార్కుల్లో సడలింపు. వైకల్యం ఉన్నవాళ్లకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. ఇవేవీ పరీక్ష రోజున అడిగితే రావు. పరీక్ష రాసే పిల్లల జాబితా (నామినల్ రోల్స్) పంపేటప్పుడే సర్టిఫికెట్ జతచేసి హెడ్మాస్టారి ద్వారా వెళ్లాలి. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే అర్జీ ఇచ్చి ఉంచండి. స్క్రైబు కావాలంటే ఆ పిల్లాడితో ముందే నాలుగైదుసార్లు కూర్చోబెట్టి అలవాటు చేయండి. కొత్త మనిషి ముందు మన పిల్లలు వచ్చిన జవాబు కూడా మింగేస్తారు.

రెగ్యులర్ పది మరీ భారమైతే ఓపెన్ స్కూల్ ఉంది. ఒక్కో సబ్జెక్టు తీరిగ్గా రాసుకోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. 40 శాతం వైకల్యం, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, బడి దాన్ని సరిచూసి ముందుకు పంపాలి. పంపిందో లేదో మనమే వెంటపడి చూసుకోవాలి. ఇంటర్ తర్వాత ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లు కూడా ఉంటాయి.

7. పని జరగకపోతే

నోటిమాటగా అడిగింది గాల్లో కలిసిపోతుంది. ఏది అడిగినా కాగితం మీద అడగండి, నకలు మీద "ముట్టింది" అని సంతకం, తేదీ, సీలు వేయించుకోండి. అర్జీ పెద్దగా అక్కర్లేదు:

"అయ్యా, మీ పాఠశాలలో ఏడవ తరగతి చదువుతున్న నా కుమారుడికి 60 శాతం మేధో వైకల్యం ఉన్నది. అతనికి రావలసిన రవాణా భత్యం గత విద్యా సంవత్సరం అందలేదు. కారణం రాతపూర్వకంగా తెలియజేసి, భత్యం అందేలా చూడగలరని ప్రార్థన."

ముందు హెడ్మాస్టారు. పదిహేను రోజులు చూసి ఎంఈఓ. ఆ తర్వాత జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయం. అక్కడ సహిత విద్య చూసే కోఆర్డినేటర్ ఉంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మా కోనసీమ వాళ్లకు జిల్లా ఆఫీసులు కాకినాడ నుంచి అమలాపురం వచ్చాయి. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్లకు ఏలూరు బదులు భీమవరం. పాత చిరునామాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నారు.

అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడిచ్చే రసీదు నంబరు దాచుకోండి. బడిలో చేర్చుకోకపోవడం, కొట్టడం, అవమానించడం లాంటివైతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేసే హక్కు 2016 చట్టంలో ఉంది. అయితే ఒక మాట. రేపు వాడు కూర్చోవాల్సింది ఆ బడిలోనే. అందుకే నేను ఫిర్యాదు పెట్టేముందు ఎప్పుడూ హెడ్మాస్టారికి చెప్పే వెళ్లాను. "మీ మీద కాదు మాస్టారూ, నిధులు పైనుంచి రావడం లేదు, అందుకు" అని. ఒకసారి ఆయనే అర్జీలో తప్పులు దిద్దిచ్చారు.

8. మిగతావి, త్వరగా

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీలకూ కొంత వస్తుంది. ఈ నాలుగు వైకల్యాల్లో ఏదున్నా పద్దెనిమిది నిండాక చట్టపరంగా సంరక్షకుడు అవసరమైతే కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. తల్లీతండ్రీ అయినంత మాత్రాన ఆ తర్వాత మన సంతకం అన్ని చోట్లా చెల్లదు. భూమి వాడి పేరున పెట్టే ఆలోచన ఉన్నవాళ్లు ఇది ముందు చూసుకోండి. రైళ్లలో రాయితీ తోడు వచ్చినవాళ్లకూ ఉంది, దానికి రైల్వే కార్డు వేరే తీసుకోవాలి. ఇంట్లో పన్ను కట్టే ఉద్యోగులుంటే, పాత పన్ను విధానంలో 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 ఆదాయంపై మినహాయింపు వస్తుందని ఆడిటర్‌ని అడగమనండి.

9. వరదకి ముందు

ఇది ఏ ప్రభుత్వ కాగితంలోనూ కనబడదు, కాబట్టి నేనే చెబుతున్నాను. లంకల్లో ఉండేవాళ్లకు జూలై, ఆగస్టు అంటే పడవలు, పునరావాస శిబిరాలు. ఫిట్స్ మందులు వాడే పిల్లలుంటే జూన్ చివరికల్లా నెలకు సరిపడా మాత్రలు మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో ఉంచండి. ఒక్క పూట తప్పినా ప్రమాదం. వినికిడి యంత్రం బ్యాటరీలూ అందులోనే. చక్రాల కుర్చీ పడవలోకి ఎక్కదు, పిల్లని ఎవరు ఎత్తుకోవాలో ఇంట్లో ముందే అనుకోండి. శిబిరంలో గోలకి బెదిరిపోయే పిల్లల గురించి సచివాలయం వాళ్లకు ముందే చెబితే ఒక మూల గది చూస్తారు. మేం చెప్పాం, చూశారు.

ఫైలులోని కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, ఆ ఫొటోలు ఊరు బయట ఉండే అన్నకో తమ్ముడికో పంపి ఉంచండి. ఒరిజినల్స్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జిప్పు ఉన్న ఫైలులో పెట్టండి. పైన సదరం, దాని కింద ఆధార్, తర్వాత ఆసుపత్రివి తేదీల వారీగా, ఆఖర్న నోటుపుస్తకాలు. మావి ఏడయ్యాయి. ఎనిమిదోది మొన్న అంబాజీపేట సంతకి వెళ్లినప్పుడు కొన్నాం. అట్ట మీద వాడి పేరు వాడే రాశాడు, చివరి అక్షరం పట్టక పక్కకి తిప్పి.